బ్రిటిష్ కాలపు రైల్లో ప్రయాణికుల నియమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మన ముత్తాతలు రైలెక్కినప్పుడు ఏ నియమాలకు లోబడి ప్రయాణించారో తెలియాలంటే 1890 నాటి భారత రైల్వేల చట్టం చదవాలి. ఆ ఏటి 9వ చట్టం అది. ఈ పేజీలో చాలా భాగం దాన్నుంచే తీసుకున్నాను. చట్టంలో రాసినదానికీ ప్లాట్‌ఫారం మీద జరిగినదానికీ చాలా తేడా ఉండేది. మూడో తరగతి ప్రయాణికుడు రోజూ అనుభవించింది ఆ తేడానే. అందుకే వీలైన చోటల్లా రెండూ చెప్పాను.

ఈ నియమాలు ఎప్పుడు మొదలయ్యాయి?

1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీ బందర్ నుంచి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. మరుసటి ఏడే, 1854లో, రైల్వేల కోసం ఒక చట్టం వచ్చింది. 1879లో ఇంకొకటి తెచ్చారు. ఆ తర్వాత అన్నిటినీ కలిపి 1890 మార్చిలో పెద్ద చట్టం చేశారు. అది మే 1 నుంచి అమల్లోకి వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ సంవత్సరం ముఖ్యమైనదే. రాయలసీమలో రైలు అంతకుముందే ఉంది. బొంబాయి లైను, మద్రాసు లైను 1871లో రాయచూరు దగ్గర కలవడంతో ఆదోని, గుత్తి, కడపల మీదుగా మెయిలు నడిచేది. కోస్తాలో మాత్రం ప్రధాన లైను 1890లలోనే పడింది. బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు వచ్చింది 1899లో. అంటే కోస్తా జిల్లాల్లో చాలా కుటుంబాలు మొదటిసారి రైలెక్కినది ఈ చట్టం కిందే.

నియమాలు ప్రయాణికులకు ఎలా తెలిసేవి?

చట్టంతో పాటు ప్రతి రైల్వే కంపెనీకీ సర్కారు ఆమోదించిన సాధారణ నియమావళి ఉండేది. దాని ప్రతి ఒకటి ప్రతి స్టేషన్లోనూ ఉంచాలి, అడిగినవాళ్లకు డబ్బు తీసుకోకుండా చూపించాలి అని 47వ సెక్షన్ చెబుతుంది. రైలు వేళలు, చార్జీల పట్టికలు ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ స్టేషన్లో పెట్టాలి. అట్టడుగు తరగతి టికెట్టు మీద వివరాలు ఆ ప్రాంతపు ప్రధాన భాషలో ఉండాలి.

మంచి ఏర్పాట్లే. కానీ ఆ రోజుల్లో చదవడం వచ్చినవాళ్లు బాగా తక్కువ. కాలికి చెప్పుల్లేకుండా, నెత్తిన మూట పెట్టుకుని వచ్చిన రైతు స్టేషన్ మాస్టారు గదిలోకి వెళ్లి "అయ్యా, ఆ పుస్తకం ఇటివ్వండి" అని అడగగలడా? హక్కు కాగితం మీద ఉంది, అడిగే ధైర్యం ఎవరూ ఇవ్వలేదు.

టికెట్టు విషయంలో నియమాలేంటి?

టికెట్టు గానీ పాసు గానీ లేకుండా ఎక్కకూడదు. రైల్వే ఉద్యోగి అడిగితే చూపించాలి, ప్రయాణం అయ్యాక అప్పగించాలి. మోసం చేసే ఉద్దేశంతో టికెట్టు లేకుండా ఎక్కితే చార్జీ కాక 100 రూపాయల దాకా జరిమానా. టికెట్టు మీద అంకెలు దిద్దినా, చెరిపినా 50 దాకా. రానుపోను టికెట్టులో సగం ఇంకొకరికి అమ్మినా 50 దాకానే.

ఆ టికెట్లు చిన్న అట్టముక్కలు, పొడవు రెండుంపావు అంగుళాలు. ఇంగ్లండులో ఎడ్మండ్సన్ అనే స్టేషన్ మాస్టారు కనిపెట్టిన పద్ధతి అది. ప్రతి అట్ట మీదా వరస నంబరు ముందే అచ్చేసి ఉంటుంది. బుకింగ్ గుమాస్తా దాన్ని ఇనుప యంత్రంలో దూర్చి లాగితే టక్కుమని తేదీ పడేది. కంప్యూటర్ రిజర్వేషన్లు వచ్చిన తర్వాత కూడా మన చిన్న స్టేషన్లలో ఈ అట్ట టికెట్లు చాలాకాలం నడిచాయి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. టికెట్టు కొన్నంత మాత్రాన సీటు ఉంటుందని హామీ లేదు. "చోటుంటేనే" అనే షరతు మీదే చార్జీ తీసుకునేవారు. చోటు దొరక్కపోతే రైలు వెళ్లిన 3 గంటల్లోగా టికెట్టు తిరిగిచ్చేసి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. పై తరగతి టికెట్టు కొని చోటు లేక కింది తరగతిలో వెళ్లాల్సి వస్తే తేడా సొమ్ము తిరిగి ఇవ్వాలి.

ఒక్కో పెట్టెలో ఎంతమంది ఎక్కవచ్చు? కిక్కిరిసి ఉంటే ఎవరి తప్పు?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సెక్షన్లు ఇవే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

63వ సెక్షన్ ప్రకారం ప్రతి కంపార్ట్‌మెంటులో ఎంతమంది పడతారో ఆ సంఖ్య లోపలో బయటో స్పష్టంగా రాయాలి. అది ఇంగ్లీషులో ఉండాలా, స్థానిక భాషలో ఉండాలా, రెండింటిలోనా అనేది సర్కారు నిర్ణయిస్తుంది. నిండిన పెట్టెలోకి ఎక్కి, రైల్వే ఉద్యోగి దిగమన్నా దిగకపోతే 20 రూపాయల దాకా జరిమానా. ఇంకా చోటున్న పెట్టెలోకి ఎక్కబోయేవాళ్లను తలుపు పట్టుకుని ఆపినా అంతే జరిమానా. ఇక 102వ సెక్షన్ రైల్వే ఉద్యోగులకు: నిండిన పెట్టెలోకి ప్రయాణికులను బలవంతంగా ఎక్కిస్తే ఆ ఉద్యోగికి 20 రూపాయల దాకా.

చదివితే న్యాయంగానే కనిపిస్తుంది. ప్రయాణికుడికీ రూలుంది, గార్డుకీ రూలుంది. మరి జరిగిందేంటి?

1917 సెప్టెంబరులో గాంధీజీ బొంబాయి నుంచి మద్రాసుకు మెయిల్లో మూడో తరగతిలో వెళ్లారు. టికెట్టు 13 రూపాయల 9 అణాలు. ఆ ప్రయాణం గురించి ఆయనే రాశారు. పెట్టె మీద 22 మంది అని రాసి ఉంది. అది కూర్చోవడానికి మాత్రమే, పడుకోవడానికి బల్లల్లేవు. మద్రాసు చేరడానికి రెండు రాత్రులు గడవాలి. పూనా దాకా 22 దాటలేదంటే కారణం, లోపలున్న ధైర్యవంతులు మిగతావాళ్లను ఎక్కనివ్వకపోవడమే. రాయచూరు దాటాక ఇక ఆగలేదు. గార్డులు వచ్చింది ఇంకొందరిని లోపలికి తోయడానికే. ఒక మేమన్ (ముస్లింలలో ఒక వర్తక సమాజం) వర్తకుడు, అప్పటికి ఐదో రాత్రి రైల్లోనే ఉన్నవాడు, ఇలా కుక్కుతారా అని ఎదురు తిరిగాడు. గార్డు ఆయన్ను అవమానించి, చెప్పుకోవాలంటే చివరి స్టేషన్లో పెద్దవాళ్లకు చెప్పుకోమన్నాడు. ఆ రాత్రి చాలాసేపు పెట్టెలో 35 మంది ఉన్నారు. కొందరు మురికిలోనే నేల మీద పడుకున్నారు, కొందరు నిలబడే ఉన్నారు. దారి పొడవునా పెట్టె ఒక్కసారీ ఊడవలేదు, మరుగుదొడ్డి ట్యాంకులో నీళ్లు లేవు.

రాయచూరు దాటాక అంటే ఆ రైలు మన రాయలసీమ మీదుగా వస్తోంది. ఆ 35 మందిలో తెలుగువాళ్లు ఉండే ఉంటారు. గోడ మీద 22 అని రాసి ఉంది, 102వ సెక్షన్ అమల్లో ఉంది, వర్తకుడు నోరు తెరిచి అడిగాడు కూడా. అయినా గార్డుకు ఏమీ కాలేదు. నియమం ఉల్లంఘించినవాడే ఆ రైల్లో నియమం అమలు చేయాల్సినవాడు. ఈ చట్టంలో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. ప్రయాణికుడి తప్పును పట్టుకోవడానికి రైలు నిండా మనుషులున్నారు, ఉద్యోగి తప్పును అక్కడికక్కడ పట్టుకునే మనిషి ఒక్కడూ లేడు.

మొదటి తరగతి చార్జీ మూడో తరగతికి ఐదు రెట్లకు పైనే ఉంటే, సౌకర్యంలో ఐదో వంతన్నా, పదో వంతన్నా మూడో తరగతికి దక్కుతోందా అని గాంధీజీ అడిగిన ప్రశ్న ఇప్పుడు చదివినా గుచ్చుకుంటుంది.

రైల్లో చుట్ట కాల్చవచ్చా?

కాల్చవచ్చు, ఒక షరతు మీద. పొగ తాగేవాళ్ల కోసం కేటాయించిన కంపార్ట్‌మెంటు అయితే అడ్డు లేదు. మిగతా చోట్ల తోటి ప్రయాణికుల ఒప్పుదల ఉండాలి. ఒప్పుదల లేకుండా వెలిగిస్తే 20 రూపాయల దాకా జరిమానా (110వ సెక్షన్). రైల్వే ఉద్యోగి హెచ్చరించినా మానకపోతే ఆ పెట్టెలోంచి దింపేయవచ్చు.

ఈ నియమం నాకు నచ్చుతుంది. సర్కారు వద్దంటోంది కాబట్టి మానాలని చెప్పలేదు, పక్కవాడిని అడగమంది. ఇంట్లో అరుగు మీద కూర్చుని ఎవరినీ అడక్కుండా చుట్ట వెలిగించే పెద్దమనిషి రైల్లో ముక్కూమొహం తెలియనివాడిని "ఏమండీ, మీకేం ఇబ్బంది లేదు కదా?" అని అడగాలి. ఆ ముక్కూమొహం తెలియనివాడు ఊళ్లో ఆయన ముందు కూర్చోవడానికి కూడా వీల్లేని మనిషి కావచ్చు. చట్టం దృష్టిలో ఇద్దరూ తోటి ప్రయాణికులే.

సెక్షన్లో "వ్యక్తి" అనే ఉంది, మగవాడని లేదు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చడం మామూలు. ఆడవాళ్ల పెట్టెలోనైనా ఈ రూలు రూలే. అమలు సంగతి మాత్రం వేరు. మూడో తరగతిలో చుట్ట వాసన లేని పెట్టె దొరకడం కష్టమే.

ఆడవాళ్లకు ప్రత్యేక పెట్టె ఉండేదా?

ఉండేది. 1891 జనవరి 1 నుంచి ప్రయాణికుల రైలు ప్రతిదాంట్లో అట్టడుగు తరగతి కంపార్ట్‌మెంటు కనీసం ఒకటి ఆడవాళ్లకే ఉంచాలని 64వ సెక్షన్ ఆజ్ఞ. అది పై తరగతుల దొరసానుల కోసం పెట్టింది కాదు, మూడో తరగతి ఆడవాళ్ల కోసం అని గమనించండి. అది ఆడవాళ్ల చోటని తెలిసీ, సరైన కారణం లేకుండా మగవాడు ఎక్కితే 100 రూపాయల దాకా జరిమానా, కట్టిన చార్జీ కూడా పోతుంది, దింపేస్తారు కూడా. పెట్టెకే కాదు, స్టేషన్లో ఆడవాళ్ల గదికీ ఇదే వర్తిస్తుంది.

రైలు 50 మైళ్లకు మించి వెళ్లేదైతే ఆడవాళ్ల కంపార్ట్‌మెంట్లలో ఒకదానికి మరుగుదొడ్డి ఉండాలని కూడా అదే సెక్షన్ చెప్పింది. మూడో తరగతి మగవాళ్లకు అలాంటి హామీ ఈ చట్టంలో లేదు.

అయితే పనసపండు ఉత్తరం నిజమేనా?

1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి రాసిన ఉత్తరం గురించి అడుగుతున్నారు. పనసపండు తిని కడుపుబ్బరంతో అహ్మద్‌పూర్ స్టేషన్లో దిగి మరుగుకు వెళ్తే, గార్డు ఈల వేసి రైలు కదిపేశాడు. ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పంచె పట్టుకుని పరిగెడుతూ అందరి ముందు పడిపోయానని ఆయన ఫిర్యాదు. ఆ గార్డుకు పెద్ద జరిమానా వేయమని అడిగాడు. ఈ ఉత్తరం వల్లే రైళ్లలో మరుగుదొడ్లు వచ్చాయని లోకం చెప్పుకుంటుంది. పైన చెప్పినట్టు ఆడవాళ్ల పెట్టెకు ఆ నియమం అప్పటికే 18 ఏళ్ల నుంచి ఉంది.

ఆయన ఇంగ్లీషును వెక్కిరిస్తూ ఈ ఉత్తరాన్ని పంచుకోవడం చూస్తే నాకు మనసొప్పదు. అందరి ముందు పరువు పోయిన మనిషి, రాని భాషలో, తన పేరు పెట్టి ఫిర్యాదు రాశాడు. అంత ధైర్యం చేసినవాళ్లు ఎంతమంది?

గొలుసు లాగితే ఏమయ్యేది?

"తగిన కారణం లేకుండా లాగితే జరిమానా 50 రూపాయలు." ఈ పలక చాలామందికి గుర్తుంటుంది. అది 108వ సెక్షన్. ప్రయాణికుడు గార్డుకు కబురు చేసుకోవడానికి రైల్లో తగిన సాధనం ఉండాలని సర్కారు కంపెనీలను ఆదేశించవచ్చని 62వ సెక్షన్లో ఉంది. ఆ సాధనమే గొలుసు. చట్టం 50 "దాకా" అంటుంది, అంటే మేజిస్ట్రేటు అంతకంటే తక్కువ కూడా వేయవచ్చు.

కదిలే రైలెక్కినా, ఫుట్‌బోర్డు మీద వేలాడినా?

రైలు కదులుతుండగా ఎక్కినా దిగినా, ప్లాట్‌ఫారం లేని వైపు దిగినా, పక్క తలుపు తీసినా 20 రూపాయల దాకా. పైకప్పు మీదో, మెట్ల మీదో, ఫుట్‌బోర్డు మీదో, ఇంజను మీదో ఉండి, హెచ్చరించినా దిగకపోతే 50 దాకా.

తాగి ఎక్కినవాళ్లను, బూతులు తిట్టేవాళ్లను ఏం చేసేవారు?

120వ సెక్షన్ అన్నిటినీ ఒక్కచోట చేర్చింది: మత్తులో ఉండటం, అసభ్యంగా ప్రవర్తించడం, బూతులు తిట్టడం, కావాలని తోటివాళ్లకు ఇబ్బంది కలిగించడం, దీపం ఆర్పేయడం. 50 రూపాయల దాకా జరిమానా, చార్జీ పోతుంది, రైల్లోంచి దింపేస్తారు. దీపం గురించి అంత ప్రత్యేకంగా ఎందుకు రాశారంటే, అప్పట్లో పెట్టెకు ఒక దీపం ఉంటే గొప్ప. అది ఆరితే రాత్రంతా చీకటే. దొంగలకు, ఆడవాళ్లను వేధించేవాళ్లకు అది చాలు.

డ్యూటీలో తాగి ఉన్న రైల్వే ఉద్యోగికీ 50 దాకానే. అతని పని సరిగా చేయకపోతే రైల్లో ఉన్నవాళ్ల ప్రాణాలకు ముప్పు వచ్చేదైతే మాత్రం జైలు.

అంటురోగం ఉన్నవాళ్లు ప్రయాణించవచ్చా?

స్టేషన్ మాస్టారు గానీ బాధ్యత గల ఉద్యోగి గానీ అనుమతిస్తేనే. అనుమతిచ్చినవాళ్లు రోగిని మిగతావాళ్ల నుంచి వేరుగా ఉంచే ఏర్పాటు చేయాలి. దాచిపెట్టి ఎక్కితే రోగికీ, వెంట తీసుకెళ్లినవాళ్లకీ జరిమానా.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చాక పరిస్థితి మారిపోయింది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద స్టేషన్లలో ప్రయాణికులను దింపి పరీక్షించడం, అనుమానం వస్తే ఆపేయడం మొదలైంది. మద్రాసు రాష్ట్రంలో ప్లేగు పాస్‌పోర్టు అనే పద్ధతి పెట్టారు. జబ్బున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చేరిన చోట అధికారులకు కనిపించాలి. ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ ఆడవాళ్లను పరీక్షించడం జనానికి చాలా కోపం తెప్పించింది. కరోనా రోజుల్లో మనం చూసిన ఆంక్షల్లో కొన్నిటికి ఆధారమైన ఆ 1897 చట్టం 2020లో కూడా అమల్లోనే ఉంది.

సామాను పోతే రైల్వే బాధ్యత వహించేదా?

బుక్ చేసి రసీదు తీసుకుంటేనే. వెంట పెట్టుకున్న మూట పోతే రైల్వేకు సంబంధం లేదని 74వ సెక్షన్. బంగారం, వెండి లాంటి విలువైన వస్తువులు 100 రూపాయలకు మించితే ముందే విలువ చెప్పి, అదనపు రుసుం కట్టాలి. పేలుడు పదార్థాల వంటి ప్రమాదకర సరుకు తెస్తే 500 దాకా జరిమానా.

కులాన్ని బట్టి, రంగును బట్టి వేరే పెట్టెలు ఉండేవా?

కులానికో పెట్టె ఎప్పుడూ లేదు. కావాలని అడిగినవాళ్లున్నా కంపెనీలు ఒప్పుకోలేదు. ఒక బల్ల మీద ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవాల్సిందే. పై కులస్థుడు "నువ్వు ఇటు రాకు" అని తలుపు దగ్గర అడ్డుకుంటే, చోటున్నంతవరకూ అది 109వ సెక్షన్ కింద నేరం.

తిండి, నీళ్ల దగ్గర మాత్రం విభజన పోలేదు. ఉత్తరాదిన స్టేషన్లలో హిందూ నీళ్లు, ముస్లిం నీళ్లు వేరు. దక్షిణాది స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది. పెరియార్ ఉద్యమించాక 1941లో ఆ పద్ధతి తీసేశారు.

రంగు సంగతి వేరు. మూడో తరగతిలో కూడా యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు ప్రత్యేక కంపార్ట్‌మెంట్లు ఉంచేవారు. పక్క పెట్టెలో జనం వేలాడుతుంటే అవి సగం ఖాళీగా వెళ్లడం భారతీయులకు తీరని అవమానంగా ఉండేది. ఎవరికీ అనుచితమైన ప్రాధాన్యం ఇవ్వకూడదని ఇదే చట్టంలో 42వ సెక్షన్ ఉంది. అయినా ఆ పెట్టెలు కొనసాగాయి.

20 రూపాయలు, 50 రూపాయలు అప్పట్లో పెద్ద మొత్తాలా?

చాలా పెద్దవి. రూపాయికి 16 అణాలు. 1877 కరువులో మద్రాసు రాష్ట్రపు సహాయ పనుల్లో మగవాడికి రోజు కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆ అణాల లెక్కన 20 రూపాయలంటే 320 రోజులు. అది కరువు కూలి, మామూలు రోజుల్లో ఇంకాస్త ఎక్కువే. 1917లో బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతి చార్జీ 13 రూపాయల 9 అణాలని పైన చెప్పాను. గొలుసు జరిమానా దాదాపు అలాంటి నాలుగు టికెట్ల ఖరీదు.

మొదటి తరగతి ప్రయాణికుడికీ అదే 50. ఆయనకు అది జేబు ఖర్చు. కూలివాడికి ఎద్దును అమ్ముకునే పరిస్థితి.

అరెస్టు చేసేవారా?

అన్ని తప్పులకూ కాదు. ఆడవాళ్ల పెట్టెలోకి చొరబడటం, తాగి గొడవ చేయడం, రైల్వే ఉద్యోగిని అడ్డుకోవడం, రైలుకు ప్రమాదం తలపెట్టడం లాంటివాటికి వారంటు అక్కర్లేదు. చిన్న తప్పులకు, పేరూ ఊరూ చెప్పకపోతేనో పారిపోతాడనుకుంటేనో పట్టుకోవచ్చు. పేరు చెప్పినా అది నిజమని నమ్మించడం పేదవాడికి కష్టం, తెలిసిన పెద్దమనిషి పూచీ కావాల్సి వచ్చేది.

ఈ చట్టం ఎప్పటిదాకా నడిచింది?

స్వాతంత్ర్యం వచ్చాక కూడా, సవరణలతో, 1990 దాకా. మూడో తరగతి 1974లో పోయింది, చట్టం మాత్రం ఇంకా 16 ఏళ్లు ఉంది. 1989లో కొత్త రైల్వే చట్టం చేశారు, అది 1990 జూలై 1న అమల్లోకి వచ్చింది. పాత నియమాల్లో చాలావరకు సెక్షన్ నంబరు మార్చుకుని అందులో చేరాయి. గొలుసుకు ఇప్పుడు 141, ఆడవాళ్ల పెట్టెకు 162, పొగకు 167. తోటి ప్రయాణికుడు వద్దంటే పొగ తాగకూడదన్న మాట 167లో ఇప్పటికీ ఉంది, దానితో పాటు రైలంతటా పొగ నిషేధించే అధికారాన్ని కూడా రైల్వేకు ఇచ్చారు.